ఒక్క ఓడ లక్ష మందిని చంపిందా? ఓడల క్వారంటైన్: అపోహలు – వాస్తవాలు

పోయిన నెల ఆ మెసేజి మళ్లీ వచ్చింది. ఈసారి పంపింది మా తోడల్లుడు. “1879లో కలరా ఉన్న జర్మన్ ఓడను జపాన్ వాళ్లు రేవు బయటే ఆపారు. జర్మనీ తన యుద్ధనౌకను తోడిచ్చి ఆ ఓడను బలవంతంగా యోకోహామాలోకి పంపింది. దాంతో లక్ష మంది జపాన్ ప్రజలు చనిపోయారు. ఓడ దిగి వచ్చేవాళ్లతో జాగ్రత్త!” అని ఉంది అందులో. దీన్ని మొదటిసారి 2020లో చూశాను. అప్పటినుంచి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం మానేశాను.

నేను రేవులో ఓడలెక్కి ఆరోగ్య తనిఖీలు చేసిన డాక్టర్ని. ఇరవై రెండేళ్లు ఇదే పని. రెండేళ్ల కిందట రిటైరయ్యాను, ఇప్పుడు ఓడల్లోకి వెళ్లే కుర్రాళ్లకు అప్పుడప్పుడూ క్లాసులు చెబుతున్నాను. మాస్టరు, అంటే ఓడ కెప్టెన్, నింపి ఇచ్చే ఆరోగ్య డిక్లరేషన్ వెనక పంతొమ్మిదో శతాబ్దంలో రాయబారులూ డాక్టర్లూ దశాబ్దాల తరబడి పడిన తగాదాలున్నాయి. వాటి గురించి తెలుసుకోవడం మంచిదే. తప్పుగా తెలుసుకుంటే మాత్రం ఆ దెబ్బ మా కుర్రాళ్ల మీద పడుతోంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

చిన్నవి రెండు ముందే తేల్చేస్తాను.

అపోహ: క్వారంటైన్ అంటే నలభై రోజులు.

ఇటలీ భాషలో క్వారంటా అంటే నలభై, పేరు అక్కడి నుంచే వచ్చింది. కానీ 1377లో రగూసా రేవు, అంటే ఇప్పటి డుబ్రోవ్నిక్, పెట్టిన గడువు ముప్ఫై రోజులే. కలరా కాలానికి వచ్చేసరికి అది కొన్ని రోజులకు దిగింది. ఇప్పుడు ఏ రోగానికి ఎన్నాళ్లలో లక్షణాలు బయటపడతాయో చూసి లెక్క వేస్తాం. ఇంతకు మించి ఇందులో చెప్పడానికేం లేదు.

అపోహ: ఓడ మీద పసుపు జెండా ఎగిరితే లోపల రోగం ఉన్నట్టు.

ఒకప్పుడు అలాగే అనుకునేవారు. ఇప్పటి అంతర్జాతీయ సంకేతాల్లో క్యూ జెండాకు అర్థం దాదాపు తలకిందులు. “మా ఓడ ఆరోగ్యంగా ఉంది, ప్రాటిక్ (అంటే రేవులోకి రావడానికి అనుమతి) ఇవ్వండి” అని అడగడానికే దాన్ని ఎగరేస్తారు. ఈ ముక్క తెలియక ఎంతమంది ఇళ్లలో అన్నం మానేశారో నాకు తెలుసు. కోవిడ్ రోజుల్లో ఒక మధ్యాహ్నం శ్రీకాకుళం వైపు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. నా నంబరు ఎవరిచ్చారో. “బాబూ, మా వోడి ఓడ మీద పసుపు జెండా ఎగరేసినారంట. ఆడికేటైనా అయిందా? నిజం సెప్పండి బాబూ” అంది. వెనక ఇంకెవరో ఏడుస్తున్నారు. అది రేవులోకి రానివ్వమని అడిగే జెండా అమ్మా అని మూడుసార్లు చెప్పాను. నమ్మలేదు. ఆ ఓడ ఇంకా యాంకరేజీలోనే, అంటే రేవు బయట లంగరేసే చోటే ఉంది, నేనే మర్నాడు ఎక్కాల్సింది.

ఇక అసలు సంగతి.

అపోహ: 1879లో జర్మన్ ఓడ హెస్పీరియా వల్లే జపాన్‌లో లక్ష మంది కలరాతో చనిపోయారు.

మెసేజిలో సగం నిజం ఉంది, అందుకే ఇది ఎంత చెప్పినా చావడం లేదు. హెస్పీరియా అనే జర్మన్ ఓడ నిజం. యుద్ధనౌక తోడు నిజం. ఆ ఏడాది జపాన్‌లో కలరాతో 1,05,000కు పైగా మనుషులు చనిపోయిందీ నిజం. ఈ మూడింటినీ ఒక తాడుతో కట్టడంలోనే అబద్ధం ఉంది.

ఆ ఏడాది కలరా మొదలైంది మార్చిలో, షికోకు దీవిలోని మత్సుయామా వైపు. ఎండాకాలం వచ్చేసరికి ఒసాకా, కోబే పట్టణాలకు పాకింది. హెస్పీరియా వచ్చింది ఆ కోబే నుంచే, జూలైలో. అంటే రోగం ఏదో దూరదేశం నుంచి కొత్తగా ఓడెక్కి రాలేదు. అప్పటికి నాలుగు నెలలుగా జపాన్ లోపలే తిరుగుతోంది. కాలిబాటల మీద, తీరం వెంబడి తిరిగే నాటుపడవల మీద, బావుల్లో, కాలువల్లో. కోబేకూ టోక్యోకూ మధ్య నడిచే జనాన్ని ఎవరూ పూర్తిగా ఆపలేదు, ఆపడం వాళ్ల చేతిలోనూ లేదు.

కోబే వైపు నుంచి టోక్యో దగ్గరి యోకోహామా రేవుకు వచ్చే ఓడలు ముందు యోకోసుకా పక్కన నాగౌరా దగ్గర ఆగాలని జపాన్ ప్రభుత్వం ఆదేశించింది. హెస్పీరియా అక్కడ లంగరేసింది. జర్మనీ రాయబారి కార్ల్ ఫాన్ ఐజెన్‌డెషర్ తమ డాక్టరు చేత తనిఖీ చేయించి, ఓడలో రోగం లేదు కాబట్టి వదిలేయమన్నాడు. విదేశాంగ మంత్రి తెరషిమా మునెనోరి కుదరదన్నాడు. కొద్ది రోజులకే వోల్ఫ్ అనే జర్మన్ గన్‌బోటు, అంటే చిన్న యుద్ధనౌక, తోడుగా హెస్పీరియా యోకోహామా చేరింది. ఓడలో కలరా రోగి ఒక్కడైనా ఉన్నట్టు ఆధారం లేదు. అది తెచ్చిన రోగమే యోకోహామాలో, టోక్యోలో జనాన్ని చంపిందనడానికీ ఆధారం లేదు.

ఇంకో లెక్క చూడండి. 1886లో జపాన్‌లో మళ్లీ కలరా వచ్చింది. ఆ ఏడాది చనిపోయినవాళ్లు 1,08,000కు పైమాటే, 1879 కంటే ఎక్కువ. ఆ ఏడాది హెస్పీరియా ఏదీ? మంచినీళ్లూ మురుగునీళ్లూ కలిసినన్నాళ్లు కలరాకు ప్రత్యేకంగా ఓడ అక్కర్లేదు.

ఇలా చెప్పగానే క్లాసులో ఎవరో ఒకరు “అయితే జర్మనీది తప్పు లేదంటారా సార్?” అంటారు. ముమ్మాటికీ తప్పే. డాక్టరుగా కూడా చెబుతున్నాను, ఒక్కసారి ఓడెక్కి చూసి కలరా లేదని తేల్చలేం. ఒంట్లో పడ్డాక కొన్ని గంటల నుంచి ఐదు రోజుల లోపు ఎప్పుడైనా బయటపడుతుంది. కలరా క్రిమిని జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోఖ్ ఈజిప్టులో, తర్వాత కలకత్తాలో పట్టుకుని లోకానికి చూపించింది 1883–84లో. 1879లో జర్మన్ డాక్టరు చేతిలో కళ్లూ చేతివేళ్లూ తప్ప ఏముంది? ఓడను కొన్నాళ్లు ఆపి చూడటమే ఆనాటికి ఉన్న దారి. జపాన్ చేసింది సరైన పనే.

మరి జర్మనీ ఎందుకంత పట్టు పట్టింది? ఇక్కడే అసలు తగాదా ఉంది. 1858 నుంచి జపాన్ మెడలు వంచి రాయించుకున్న ఒప్పందాల ప్రకారం పాశ్చాత్యుల మీద జపాన్ చట్టం నడవదు. జర్మనీవాడు తప్పు చేస్తే జర్మన్ కాన్సుల్ (రేవులో ఉండే ఆ దేశం ప్రతినిధి), ఇంగ్లీషువాడు చేస్తే ఇంగ్లీషు కాన్సుల్ విచారించాలి. సరే, నేరాల సంగతి అలా ఉంచండి. రేవులో రోగం ఆపడానికి పెట్టిన నిబంధన కూడా అంతేనా? అంతేనన్నాడు బ్రిటిష్ రాయబారి హ్యారీ పార్క్స్. తాము ఒప్పుకుని, తమ పేరు మీద ప్రకటిస్తే తప్ప జపాన్ నిబంధన తమవాళ్లకు వర్తించదని ఆయన వాదన. అమెరికా రాయబారి జాన్ బింగమ్ మాత్రం జపాన్ మాట వినాల్సిందేనని తమ ఓడలకు చెప్పాడు. ఆ రోజుల్లోనే అమెరికా మాజీ అధ్యక్షుడు గ్రాంట్ జపాన్ పర్యటనలో ఉన్నాడు. ఆ ఓడ మీద జపాన్ కాల్పులు జరిపినా తప్పుపట్టలేమని ఆయన అన్నట్టు చెప్పుకుంటారు.

ఓడలో రోగం ఉందా లేదా అని చెప్పే మాట ఎవరిది? రేవు ఎవరిదో వాళ్లదా, ఓడ ఎవరిదో వాళ్లదా? గొడవంతా దీని మీద. జపాన్ ఆ హక్కు కోసం ఇరవై ఏళ్లు ఆగింది. 1894లో బ్రిటన్‌తో కొత్త ఒప్పందం కుదిరింది, అది అమల్లోకి వచ్చిన 1899లోనే జపాన్ తన సొంత రేవు క్వారంటైన్ చట్టం తెచ్చుకుంది. ఆ ఏడాదే యోకోహామా క్వారంటైన్ కేంద్రంలో నోగుచి హిదేయో అనే కుర్ర డాక్టరు అమెరికా మారు అనే ఓడలో ప్లేగు కేసు పట్టుకున్నాడు. మీకు అక్కడి వెయ్యి యెన్ నోటు దొరికితే చూడండి, మొన్నమొన్నటిదాకా దాని మీదున్నది ఆయనే. రేవు డాక్టరు బొమ్మ నోటు మీద చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను.

ఇప్పుడు ఈ అపోహ ఎవరి మెడకు చుట్టుకుంటోందో చెబుతాను.

2020లో ఉద్దానం వైపు కుర్రాడొకడు తొమ్మిది నెలల కాంట్రాక్టు ముగించుకుని సైన్ ఆఫ్ అయ్యాడు, అంటే ఓడ దిగాడు. రూలు ప్రకారం హోటల్లో క్వారంటైన్ పూర్తి చేశాడు. టెస్టు నెగెటివ్. కాగితాలన్నీ చేతిలో ఉన్నాయి. ఊళ్లోకి రానివ్వలేదు. ఊరి బయట జీడితోటలో పంపుషెడ్డు చూపించారు. వాళ్ల నాన్నమ్మ రోజూ క్యారేజీ తెచ్చి గట్టు మీద పెట్టి, వెనక్కి వెళ్లి నిలబడితే అప్పుడు వెళ్లి తీసుకునేవాడు. వాడు నాకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. ఊరి పెద్దాయన మర్యాదగానే మాట్లాడాడు. “డాక్టరుగారూ, మాకు తెలీక కాదు. జపాన్‌లో ఒక్క ఓడని వదిలితే లక్ష మంది పోయారంట కదా, నా మనవడు ఫోన్లో చూపించాడు” అన్నాడు. నేను ఇప్పుడు మీకు చెప్పిందంతా ఆయనకు గంటసేపు చెప్పాను. పూర్తిగా నమ్మాడో లేదో తెలియదు కానీ మర్నాడు కుర్రాణ్ణి ఇంటికి పంపించారు. ఆయన భయాన్ని నేను తప్పుపట్టను. ఊళ్లో సగం మంది పెద్దవాళ్లు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు. ఆ మెసేజిని ఫార్వర్డ్ చేసినవాళ్ల మీదే నాకు కోపం.

దీనికంటే పెద్ద నష్టం ఇంకోటుంది. నింద భయం ఉన్నచోట రోగం దాచిపెడతారు. పన్నెండేళ్ల కిందట ఒక కార్గో ఓడ ఎక్కాను. డిక్లరేషన్‌లో అన్నిటికీ ‘లేదు’ అని ఉంది. సిబ్బంది వరసగా నిలబడ్డారు. ఏప్రిల్ నెల, ఇంజిన్ రూము పక్కన చొక్కా పిండితే చెమట కారే వేడి. ఒక ఆయిలర్ (ఇంజిన్ రూములో పనిచేసేవాడు) మాత్రం ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుని మెడ దాకా గుండీలు పెట్టుకున్నాడు. పై గుండీ తీయమన్నాను. చూపు దించుకున్నాడు. తీస్తే మెడ కింద నీటిపొక్కులు, కొన్ని అప్పటికే పెచ్చు కడుతున్నాయి. ఆటలమ్మ. ఆరు రోజులుగా జ్వరమట. వంటవాడితో కలిసి ఒకే క్యాబిన్లో పడుకుంటున్నాడు. “చెప్తే ఓడ ఆగిపోద్ది, అందరూ నన్నే తిడతారు సార్” అన్నాడు. నిజానికి అప్పుడే చెప్పి ఉంటే వేరే క్యాబిన్‌కు మార్చడం, ఓడ రేడియోలో డాక్టరు సలహా తీసుకోవడంతో సరిపోయేది. ఆ పాటికి ఇంకో ముగ్గురికి అంటుకుంది.

పాత కాలంలోనూ ఇదే కథ. ఓడ బయల్దేరిన రేవులో కాన్సుల్ ఇచ్చే ఆరోగ్య పత్రం శుభ్రంగా ఉంటే సరుకు వెంటనే దిగుతుంది, మచ్చ ఉంటే రోజుల తరబడి నిలిచిపోతుంది. అందుకని మా రేవులో రోగం లేదని రాయించుకోవడానికి దేశాలే పోటీపడేవి. ఒక్క ఓడ మీద లక్ష చావులు మోపితే, రేపు ఏ మాస్టరు నిజం రాస్తాడు చెప్పండి.

అపోహ: రేవుల్లో క్వారంటైన్ మనల్ని కాపాడ్డానికి బ్రిటిష్ వాళ్లు తెచ్చిపెట్టారు.

పంతొమ్మిదో శతాబ్దంలో క్వారంటైన్‌ను గట్టిగా అడ్డుకున్న దేశాల్లో బ్రిటన్ ముందుంది. వాళ్లకు సముద్ర వ్యాపారం ప్రాణం. ఓడ ఆగితే డబ్బు ఆగిపోతుంది. 1851లో పారిస్‌లో మొదటి అంతర్జాతీయ శానిటరీ (ప్రజారోగ్య) సమావేశం జరిగింది. పన్నెండు దేశాలు, ఒక్కో దేశం నుంచి ఒక డాక్టరు, ఒక దౌత్యవేత్త. ఇద్దరికీ వేరువేరు ఓట్లు. ఒకే దేశం డాక్టరు ఒకలా, దౌత్యవేత్త ఇంకోలా ఓటేసిన సందర్భాలున్నాయి. నాకు ఆ సమావేశంలో నచ్చింది ఇదొక్కటే, కనీసం తేడా దాచకుండా బయటపెట్టుకున్నారు.

1865లో మక్కాలో హజ్ యాత్రికుల్లో కలరా వచ్చి వేలమంది చనిపోయారు. అక్కణ్ణుంచి ఈజిప్టు మీదుగా యూరప్‌కు పాకింది. మరుసటి ఏడాది కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) సమావేశం, కలరా పుట్టిల్లు ఇండియా అని, మనుషుల రాకపోకలతోనే అది వ్యాపిస్తోందని తేల్చింది. ఇండియాలోని బ్రిటిష్ ప్రభుత్వం ఏళ్ల తరబడి దాన్ని ఒప్పుకోలేదు. గాలి వల్ల, నేల వల్ల, మురికి వల్ల వస్తోందంటూ వచ్చింది. అంటువ్యాధి అని ఒప్పుకుంటే బొంబాయి నుంచి బయల్దేరే ప్రతి ఓడనూ ఆపుతారు మరి. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక తగాదా ముదిరింది. ఇంగ్లండ్‌కు నేరుగా వెళ్లే మా ఓడలను కాలువ దగ్గర ఎందుకు ఆపుతారని బ్రిటన్, యూరప్ వాకిలి అదే కాబట్టి ఆపాల్సిందేనని ఫ్రాన్స్ తదితర దేశాలు. మొదటి ఒప్పందం కుదిరేసరికి 1892 వచ్చింది, వెనిస్‌లో. లెక్కేస్తే నలభై ఒక్క ఏళ్లు.

మధ్యలో నలిగింది పేద యాత్రికులు. ఒట్టోమాన్ (టర్కీ) ప్రభుత్వం 1882లో ఎర్రసముద్రంలో కమరాన్ దీవి మీద క్వారంటైన్ కేంద్రం పెట్టింది. ఇండియా నుంచి వెళ్లే హజ్ ఓడలన్నీ అక్కడ ఆగాలి, యాత్రికులు ఎండలో దిగి ఫీజులు కట్టాలి.

1896లో బొంబాయిలో ప్లేగు బయటపడింది. 1897 ఫిబ్రవరి 4న అంటువ్యాధుల చట్టం వచ్చింది. అవును, 2020లో మన రాష్ట్రాల్లో లాక్‌డౌన్‌కు వాడిన చట్టమే. ఆ నెలలోనే వెనిస్‌లో ప్లేగు మీద సమావేశం మొదలైంది. ఇండియా సరుకును యూరప్ రేవులు నిలిపేస్తాయన్న భయం లండన్‌ను వెంటాడుతోంది. అంతకు ముందు క్వారంటైన్ అంటేనే చిరాకుపడ్డ ప్రభుత్వం ఆ ఏడాది ఇండియా నుంచి హజ్ యాత్రనే నిలిపేసింది. మన ప్రాణాల మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చి కాదు, అవతలి దేశాల ఒత్తిడి వల్ల.

అపోహ: రేవు డాక్టరు ఆపాడంటే రోగం ఉన్నట్టే.

దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి ఒక తెలుగావిడ నాకు ఉత్తరం రాసింది. వాళ్ల ముత్తాత మన కోస్తా నుంచి మద్రాసు మీదుగా కూలి ఒప్పందం మీద నాటల్ (డర్బన్ ఉన్న అప్పటి బ్రిటిష్ వలస రాజ్యం) వెళ్లాడు. పాత రికార్డులో ఆయన ఓడకు ఎదురుగా ‘క్వారంటైన్’ అని రాసుంది. మా వంశంలో ఏదైనా అంటురోగం ఉందా అని అడిగింది. పాపం, ఎన్నాళ్లు మనసులో పెట్టుకుందో. ఆ ఒక్క మాట పట్టుకుని ఓడలో మీ ముత్తాతకు రోగం ఉందని అనుకోవద్దని రాశాను. ఉదాహరణగా అదే డర్బన్ రేవు కథ చెప్పాను.

1896 డిసెంబరు 18న బొంబాయి నుంచి కోర్లాండ్, నాదేరి అని రెండు ఓడలు అక్కడికి చేరాయి. వందల మంది భారతీయులు. కోర్లాండ్‌లో కుటుంబంతో సహా గాంధీ ఉన్నాడు. ఓడల్లో రోగం లేదు. అయినా బొంబాయిలో ప్లేగు ఉందన్న సాకుతో ఆపారు, గడువు పొడిగించారు. ఒడ్డున తెల్లవాళ్లు సభలు పెట్టి, వీళ్లను తిరిగి పంపించేయాలని కేకలేస్తున్నారు. చివరికి జనం దిగింది 1897 జనవరి 13న. దిగిన గాంధీని వీధిలో కొట్టారు. ఆ మార్చిలో భారతీయులు లండన్‌లో వలస రాజ్యాల మంత్రి జోసెఫ్ చాంబర్లేన్‌కు పెద్ద మహజరు పంపుకున్నారు. ఆ ఏడాదే నాటల్ క్వారంటైన్ చట్టాన్ని సవరించింది. రోగం ఉన్న ప్రాంతం నుంచి వచ్చారంటే చాలు, దిగనివ్వకుండా ఆపే అధికారం గవర్నరుకు వచ్చింది. మనిషికి రోగం ఉందా లేదా అన్న ప్రశ్నే పోయింది.

దీన్ని చదివి క్వారంటైన్ అంతా కుట్రే అనేవాళ్లూ తయారయ్యారు. వాళ్లతోనూ నాకు పేచీయే. నాగౌరాలో జపాన్ ఓడను ఆపిందీ క్వారంటైన్ పేరుతోనే, డర్బన్‌లో ఆపిందీ ఆ పేరుతోనే. ఏ రోగానికి, ఎన్నాళ్లు, ఎవరెవరికి అని అడిగితే తేడా తెలిసిపోతుంది. నాగౌరా నిబంధన కోబే వైపు నుంచి వచ్చే ఓడల కోసం పెట్టింది. డర్బన్ గడువు ఒడ్డున ఉన్న గుంపు కోపాన్ని బట్టి సాగింది.

మీవాళ్లు ఓడలో ఉండి, రేవు బయట ఆగారని తెలిస్తే ముందు కంపెనీ ఏజెంటుకు ఫోన్ చేయండి. బెర్తు ఖాళీ లేకపోవడం, ఆటుపోట్లు, కాగితాలు, ఇలా వందకు తొంభై సార్లు కారణం రోగం కాదని నా అనుభవం. ఓడలో ఉన్నవాళ్లకు చెప్పేది ఒక్కటే: జ్వరమొస్తే ఆ రోజే మాస్టరుకు చెప్పండి, చొక్కా గుండీలు పెట్టుకోవద్దు.

ఆ శ్రీకాకుళం తల్లి కొడుకు ఓడ మర్నాడు పొద్దున్నే ఎక్కాను. అందరి టెంపరేచర్లూ చూశాను, మెడికల్ లాగ్ తిరగేశాను. ఎవరికీ ఏమీ లేదు. నాలుగింటికి ప్రాటిక్ ఇచ్చాం. లాంచిలో వెనక్కి వస్తూ చూస్తే డెక్కు మీద ఒక కుర్రాడు జెండా దించి మడతపెడుతున్నాడు. అక్కణ్ణుంచే ఆవిడకు ఫోన్ చేసి, జెండా దించేశారమ్మా, మీవాణ్ణి నా కళ్లతో చూశాను, బాగున్నాడు అని చెప్పాను. కాసేపు మాట రాలేదు. తర్వాత అడిగింది, “బువ్వ తిన్నాడా బాబూ?”